ఒంటిగంట చీటీ

ఒంటిగంటకు ఇంకా రెండు నిమిషాలుందనగా డిగ్రీలమ్మ చెప్పులు విడిచి, గడ్డిలోకి దిగి, తెల్లపెట్టె ముందు నిలబడింది. నాలుగు కాళ్ళ మీద, మనిషి గుండె ఎత్తున ఉంటుందా పెట్టె. గోడలకు బదులు ఏటవాలు చెక్కపట్టీలు. వాటి మధ్య నుంచి గాలి దూరుతుంది, ఎండ దూరదు. ఆమె ఊపిరి బిగపట్టి తలుపు తీసింది. ఊపిరి సోకితే పాదరసం కదులుతుంది. పాదరసం ఎత్తుకు కన్ను వంచి ముందు పదోవంతు చూసింది, ఆ తరువాతే డిగ్రీ. ముప్పై ఒకటి పాయింటు నాలుగు. పక్కన తడిగుడ్డ చుట్టిన రెండో థర్మామీటరు కూడా చదివి, తలుపు వేసి, అప్పుడు ఊపిరి వదిలింది.

దీవిలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. రోజుకు మూడుసార్లు డిగ్రీలు కొలిచేదీ ఆమే. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, జీతం కాయితం మీద తప్ప అసలు పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు లేరు.

పెద్ద పుస్తకంలో సిరాతో అంకె వేసి, అదే అంకెను చిన్న చీటీ మీద రాసి సంతకం పెట్టింది. కంచె అవతల హోటల్ తోటమాలి సైకిల్ మీద ఒక కాలు ఆనించి కాచుకుని ఉన్నాడు. ఒంటిగంట చీటీ తీసుకుపోవడం అతని పని.

"ఎంతమ్మగారూ ఇవాళ?"

"ముప్పై ఒకటి పాయింటు నాలుగు."

"చల్లగానే ఉందన్నమాట," అన్నాడు తోటమాలి, చొక్కా కొసతో మెడ తుడుచుకుంటూ. చీటీ జేబులో పెట్టుకుని కొండ దిగిపోయాడు.

గడ్డిటోపీ పెట్టుకున్న ఒక యాత్రికురాలు కంచె దగ్గర ఆగి పెట్టెకు ఫోటో తీసింది.

"ఇది తేనెటీగల పెట్టె కదూ?"

"కాదండి. వాతావరణం కొలిచే పెట్టె."

"ఎంత అదృష్టవంతులండీ మీరు! ఈ గాలి, ఈ నీడ... ఏడాది పొడవునా ఇలాగే ఉంటుందా?"

"ఏడాది సగటు ఇరవై ఎనిమిదండి," అంది డిగ్రీలమ్మ. అది నిజం. ఆ సగటు వేసింది ఆమే. హోటల్ గుమ్మంలో పలక మీద సుద్దతో రాసి పెట్టేదీ ఆ అంకే.

ఆవిడ మురిసిపోతూ వెళ్ళాక, గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న కాపలా తాత మీసం దువ్వుకున్నాడు. "నాలుగు రోజులుండే అల్లుడికి అత్తారిల్లు స్వర్గమేనే అమ్మాయ్. బాగుందో లేదో కాపురం చేసే కోడల్ని అడగాలి."

డిగ్రీలమ్మ నవ్వింది. ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క గచ్చు మీద పడుకుని ఉంది. దీపం వెయ్యలేదు. రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుపోయి, ఏదో గుడ్డ అంచును పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి. హోటల్ లాండ్రీలో ఇస్త్రీ రోలరుకు దుప్పట్లు అందించడం ఆమె పని. చెరోవైపు అంచు పట్టుకుని, విదిలించి, కాలుతున్న రోలరు నోటికి అందించాలి. నిమిషానికి నాలుగు దుప్పట్లు. అక్క చేతులు ఇంటికి వచ్చాక కూడా ఆ పని మానలేదు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"బస్సు దిగినప్పట్నుంచి. చెంబు పట్టుకోలేకపోయానే."

డిగ్రీలమ్మ కింద కూర్చుని, అక్క చిటికెన వేలు పట్టుకుని మెల్లగా చాచింది. తరువాత ఉంగరపు వేలు. మూడో వేలి దగ్గర అక్క పళ్ళు బిగబట్టింది. జాకెట్టు వీపు మీద చెమట ఆరి, ఉప్పు తెల్లటి చారలు కట్టింది. ముగ్గుతో గీసినట్టు ఉన్నాయి ఆ చారలు.

"నీళ్ళు తాగావా?"

"తాగితే పోవాలి. పోతే రోలరు ఆగదు. నా వైపు అంచు ఎవరు పడతారు, మీ కాపలా తాతా?" అంది అక్క. గొంతు తగ్గించి అంది. "ఇవాళ కూడా ఒంటికి డికాషను రంగులోనే పడిందే."

ఆ మాటకు డిగ్రీలమ్మ చెయ్యి ఆగిపోయింది. పది రోజుల క్రితం నర్సమ్మ పరీక్ష కాయితం చూసి చెప్పింది గుర్తొచ్చింది. మూత్రపిండాలు సగం పోయాయి. మధ్యాహ్నాలు చల్లపట్టున పడుకుంటే మిగిలిన సగం మిగులుతుంది. లేకపోతే వానలు పడే లోపలే మనిషి దక్కదు. కిందటి వారం, రోలరుకు అవతలి వైపు నిలబడే పొడుగామె దుప్పటితో సహా కూలబడింది. పడవలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇంకా రాలేదు. ఆమె చోట మర్నాడే ఇంకొకామె నిలబడింది. అదే పని కోసం హోటల్ గేటు బయట ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారు.

"పని మానెయ్ అక్కా."

"మానేసి? కొండ మీద కూచుని గాలి లెక్కపెట్టనా?" ముడుచుకున్న చేత్తోనే చెల్లెలి మోకాలిని తట్టింది. "ఒకటడుగుతాను, చేస్తావా? రూలుందిగా. ముప్పై అయిదు దాటితే నాలుగింటి దాకా రోలరు ఆపాలని. రేపు ముప్పై ఆరు రాయి. వారానికి మూడుసార్లు రాయి చాలు."

"లేనిది ఎలా రాయను?"

"ఒక్క అంకేనే. నీ చెయ్యేమన్నా విరిగిపోతుందా?"

"అక్కా, అది అంకె కాదు. ఆ పుస్తకం చూసే పడవలు బయల్దేరతాయి, వలలు వేస్తారు. ఒకసారి అబద్ధం రాస్తే, ముందు రాసినవన్నీ..."

"ఉన్నదే రాస్తానంటావ్. మా ఇస్త్రీ గదిలో ఉన్నది ఎప్పుడైనా రాశావా?"

డిగ్రీలమ్మ మూడో వేలు మళ్ళీ చాచబోతే అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఈ చేతుల్తో ఇస్త్రీ చేసి చదివించానే నిన్ను," అంది అక్క. అరవలేదు. అలసిపోయిన మనిషి లెక్క అప్పజెప్పినట్టు అంది. "ఆ చదువే ఇప్పుడు నా నెత్తినెక్కి కూచుంది." అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఉదయం పరిశీలన ముగించి, పన్నెండు కావస్తుండగా డిగ్రీలమ్మ బీరువాలోంచి తిప్పుడు థర్మామీటరు తీసింది. చెక్కపిడికి రెండు థర్మామీటర్లు బిగించి ఉంటాయి, ఒకటి పొడిది, ఒకటి తడిగుడ్డది. పిడి పట్టుకుని గిలకలా గిరగిరా తిప్పి చదవాలి. పెట్టె మాట నిజమో కాదో అప్పుడప్పుడూ సరిచూసుకోవడానికి ఇచ్చిన సాధనం. ముందు పెట్టె పక్కనే నిలబడి తిప్పింది. రెండూ ఒకే మాట చెప్పాయి. పెట్టెలో లోపముందేమోనన్న చిన్న ఆశ అక్కడితో తీరిపోయింది. కొండ మీద వాతావరణం అందరూ అన్నంత హాయిగానే ఉంది.

సాధనాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"అది గేటు దాటకూడదమ్మాయ్," అన్నాడు తాత.

"గంటలో తెచ్చేస్తాను తాతా."

"నేను చూళ్ళేదు," అని తాత సముద్రం వైపు తిరిగాడు.

అక్క మరిచిపోయిన నీళ్ళసీసా ఇస్తానని చెప్పి లాండ్రీ లోపలికి వెళ్ళింది. తలుపు తియ్యగానే ముఖం మీద ఎవరో తడికంబళి వేసినట్టయింది. కిటికీలు మూసి ఉన్నాయి. దుమ్ము పడితే దుప్పట్లు మళ్ళీ ఉతకాలి కనుక అవి ఎప్పుడూ మూసే ఉంటాయి. గదిమధ్య ఎద్దులబండి అంత పొడవున రోలరు, దాని చుట్టూ ఆవిరి, ఆవిరిలో మెడల చుట్టూ తడి తువ్వాళ్ళు కట్టుకున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళు. నూలుపొట్టు గాలిలో ఎగిరి కనురెప్పల మీద వాలుతోంది. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అక్క చెల్లెల్ని చూసింది. చూసి, దుప్పటి అంచు విదిలించి, రోలరుకు అందించింది.

రోలరుకు ఎదురుగా గోడ మీద పొడవాటి మేకు. దానికి చీటీలు గుచ్చి ఉన్నాయి. అడుగువి పసుపుపచ్చగా మారి, అంచులు చిట్లిపోయాయి. పైన నిన్నటిది. ముప్పై ఒకటి పాయింటు నాలుగు, కింద తన సంతకం, అక్షరాలు ముత్యాల్లా కుదురుగా. ఆ ఆడవాళ్ళు తలెత్తినప్పుడల్లా కనిపించేది అదే. ఆరేళ్ళుగా తన చేతిరాత ఎక్కడికి పోతోందో ఆమె ఎప్పుడూ అడగలేదు.

గది మూలకు వెళ్ళి గిలక తిప్పింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆపి, ముందు తడిది చూసింది. ముప్పై నాలుగు. పొడిది నలభై మూడు పాయింటు ఆరు. తడిది ముప్పై నాలుగంటే ఏమిటో ఆమె చదువుకుంది. ఒంటి మీద చెమట ఆరదు. ఆరని చెమట చల్లబరచదు. మనిషి నిలబడి ఉండగానే లోపల్లోపల ఉడుకుతుంది.

"ఏంటమ్మా ఆ గిలక? ఎవర్ని ఆడించడానికి?" సూపర్‌వైజరు వచ్చాడు. అతని మెడకూ తడి తువ్వాలే ఉంది. ముఖం వాచి, ఎర్రగా ఉంది.

"ఇక్కడ నలభై మూడున్నర దాటిందండి. ముప్పై అయిదు దాటితే ఆపాలని ఆర్డరు ఉంది కదా."

అతను కోప్పడలేదు. ఆమెను గోడకు తగిలించిన ఆర్డరు అద్దాల చట్రం దగ్గరికి తీసుకువెళ్ళి, అద్దం మీది ఆవిరిని మోచేత్తో తుడిచి, వేలు పెట్టి చదివించాడు. "చదువుకున్నారుగా, చదవండి. 'దీవి ఉష్ణోగ్రత.' గది ఉష్ణోగ్రత అని ఉందా? దీవి ఉష్ణోగ్రత ఎవరు చెప్తారు? మీరు. మీరు ముప్పై ఒకటన్నారు. నేను కాదన్నానా? ఇదిగో, తరువాతి లైను. 'ఒంటిగంట చీటీ అందిన తరువాతే మధ్యాహ్నం విడత మొదలుపెట్టవలెను.' పదకొండేళ్ళమ్మా! చీటీ మేకుకు గుచ్చకుండా ఒక్కరోజు స్విచ్చి మీద చెయ్యి వెయ్యలేదు నేను. ఎవరు తనిఖీకి వచ్చినా నా గోడే మాట్లాడుతుంది."

"వీళ్ళు చచ్చిపోతారండి."

"నేనేమన్నా చలివేంద్రంలో కూచున్నానా?" అన్నాడతను తువ్వాలు పిండుకుంటూ. నీళ్ళు ధారగా కారాయి. "నేను రాసిన ఆర్డరు కాదు, నేను కొలిచే ఎండా కాదు. తిలాపాపం తలా పిడికెడు. మీ పిడికెడు అదిగో, మేకుకి గుచ్చి ఉంది."

డిగ్రీలమ్మ రొప్పుకుంటూ కొండెక్కి, సరిగ్గా ఒంటిగంటకు పెట్టె తెరిచింది. ముప్పై ఒకటి పాయింటు ఒకటి. అంకె వేసి, పక్కన ఖాళీగా ఉండే వివరాల గడిలో 'హోటల్ ఇస్త్రీ గదిలో పొడి 43.6, తడి 34.0' అని రాసింది. చీటీ మీద కూడా రాసి పంపింది. ఒంటిన్నరకు కింద రోలరు ఎప్పటిలాగే తిరిగింది. ఆ తరువాత పెద్దాఫీసుకు ఫోను చేసి అధికారికి అంతా చెప్పింది.

అధికారి చివరిదాకా విన్నాడు. "వాతావరణం అంటే బయటిదమ్మా. వంటింట్లో పొయ్యి మీద థర్మామీటరు పెట్టి దీవి కాలిపోతోందంటామా? ఆ గడి ఉరుములకి, వడగళ్ళకి. ఆ రాత ఒక గీతతో కొట్టేసి సంతకం పెట్టండి. సాధనం బయటికి తీసుకెళ్ళినందుకు సంజాయిషీ పంపండి." తరువాత గొంతు కాస్త మెత్తబరిచాడు. "బంగారం లాంటి రికార్డమ్మా మీది. చేజేతులా పాడుచేసుకోకండి."

ఆమె గీత కొట్టి సంతకం పెట్టింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటుతోనే చదివింది, ఆ అలవాటుతోనే ఉద్యోగం తెచ్చుకుంది. గీత కింద 43.6 ఇంకా కనిపిస్తూనే ఉంది.

మూడోరోజు ఆమె లేచేసరికి అక్క వెళ్ళిపోయింది. రెండు చెంబుల నీళ్ళు కాచి చల్లార్చి పెట్టి, సీసా తీసుకోకుండానే వెళ్ళింది.

పన్నెండు కాకముందే తోటమాలి సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. అతను ఆ వేళప్పుడు రావడం ఎప్పుడూ లేదు.

"అమ్మగారూ, కంగారుపడకండి. మీ అక్క పడిపోయింది. తడి దుప్పట్లు కప్పారు. కళ్ళు తెరిచింది."

"నర్సమ్మ వచ్చిందా?"

"వచ్చింది. పడవెక్కి పెద్దాసుపత్రికి పొమ్మంటోంది. మీ అక్క వినట్లేదు. మధ్యాహ్నం విడత అయ్యాక పోతానంటోంది. ఇప్పుడు పోతే గేటు దగ్గరున్న ముగ్గుర్లో ఒకర్ని లోపలికి పిలుస్తారుగా. గోడకి ఆనుకుని కూచుంది. ఒంటిన్నరకి లేచి నిలబడతానంటోంది." అతను నేల చూస్తూ అన్నాడు. "ఇంకో విడత నిలబడితే మనిషి దక్కదని నర్సమ్మ నాతో అందమ్మా. మీతో చెప్పమంది."

డిగ్రీలమ్మ పుస్తకం తెరిచి కూర్చుంది. ముప్పై ఆరు. రాయాలంటే రెండు అంకెలు. రాస్తే సూపర్‌వైజరు నమ్మడు. కొండెక్కి వచ్చి పెట్టె తెరిచి చూస్తాడు. అబద్ధం గంట కూడా నిలవదు. ఆ తరువాత ఆమె రాసిన ఏ నిజమూ నిలవదు. నిన్నటి నలభై మూడు కూడా దొంగలెక్కల్లో కలిసిపోతుంది. నిజం రాస్తే ఒంటిన్నరకు రోలరు తిరుగుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది ఆమె పని.

ఏం చెయ్యాలో తెలియక పుస్తకం మొదటి పేజీ తిప్పింది. ఉద్యోగంలో చేరిన రోజున కంఠతా పట్టిన నియమాలు అచ్చువేసి ఉన్నాయి. ఎనిమిదోది: 'నిర్ణీత సమయానికి పది నిమిషాలలోపు చూడని పరిశీలనను ఊహించి రాయరాదు. గీత పెట్టి, కారణం రాయవలెను.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తరువాత సూపర్‌వైజరు ఆవిరి తుడిచి చూపించిన లైను గుర్తుకొచ్చింది. చీటీ అందిన తరువాతే.

ఒంటిగంటకు రెండు నిమిషాలుందనగా చెప్పులు విడిచి, పెట్టె ముందు నిలబడింది. గాలి వీస్తోంది. పెట్టె గొళ్ళెం దాకా చెయ్యి వెళ్ళింది. ఆరేళ్ళుగా ఆ వేళకు ఆ చెయ్యి అటే వెళుతుంది, దాన్ని ఆపడం ముల్లు గుచ్చుకున్న కాలు నేల మీద మోపినట్టుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. పెట్టెకు వీపు తిప్పి గడ్డిలో కూర్చుంది.

ఒంటిగంట అయింది.

"అమ్మాయ్, టైమయింది," అన్నాడు తాత.

"తెలుసు తాతా."

ఒంటిగంట రెండు నిమిషాలు. తోటమాలి కంచె మీదుగా తొంగిచూశాడు. "అమ్మగారూ, చీటీ?"

"ఇవాళ చీటీ లేదు."

"లేదంటే? అదిగో పెట్టె, ఇదిగో మీరు. మధ్యలో ఏమన్నా సముద్రం ఉందా?"

తాత స్టూలు మీంచి లేచి, వంగి ఆమె ముఖంలోకి చూశాడు. "ఈ పుస్తకంలో అంకె లేని గీత ఒక్కటే ఉందే తల్లీ. గాలివానకి పెట్టె ఎగిరి సముద్రంలో పడ్డప్పటిది. ఆ రోజున కూడా అప్పటాయన తాడు కట్టుకుని వచ్చి చూశాడు, పెట్టె లేదు గనక గీత పెట్టాడు. నీ పెట్టె ఉందిగా. ఉద్యోగం ఊడుతుందే."

"తెలుసు."

"పోనీ నన్ను తియ్యమంటావా తలుపు? నువ్వు కళ్ళు మూసుకో."

"వద్దు తాతా. ఎవరు చూసినా అది ముప్పై ఒకటే చెప్తుంది."

తాత స్టూలు తెచ్చి పెట్టె తలుపుకు అడ్డంగా వేసి, దాని మీద తీరిగ్గా కూర్చుని బీడీ వెలిగించాడు.

ఒంటిగంట పది. ఆమె లేచి లోపలికి వెళ్ళి, గడిలో గీత పెట్టింది. కారణం దగ్గర, 'పరిశీలకురాలు పెట్టె తెరవలేదు' అని రాసి సంతకం చేసింది. ఆ సంతకంలో అక్షరాలు ఎప్పటిలా కుదురుగా లేవు.

ఒంటిన్నరకు కింద సైరను మోగింది. గాలి అటునుంచి వీచేటప్పుడు రోలరు రొద కొండ మీదికి వినిపిస్తుంది. డిగ్రీలమ్మ కిటికీ దగ్గర చెవి ఒగ్గి నిలబడింది. రొద లేదు. ఫోను మోగింది.

"చీటీ ఏదమ్మా?" సూపర్‌వైజరు.

"లేదండి."

"మాటతో చెప్పండి, నేనే రాసుకుంటాను."

"నాకు తెలీదండి. చూడలేదు."

"బయట హాయిగా ఉంది కదమ్మా! కళ్ళకి కనపడట్లా?"

"హాయి ఎంతుందో కొలవలేదండి."

అటువైపు ఎవరో స్విచ్చి వెయ్యమంటారా అని అడగడం, అతను "ఆగరా" అని కసురుకోవడం వినిపించింది. "పదకొండేళ్ళమ్మా," అన్నాడు చివరికి. కోపం కాదు, ఏడుపు గొంతు. "నా మేకు ఖాళీగా ఉంటుంది ఇవాళ." ఫోను పెట్టేశాడు.

తరువాతి ఫోను పెద్దాఫీసుది. ఎల్లుండి పడవకు వేరే పరిశీలకుడు వస్తాడు, తాళాలు అతనికి అప్పగించాలి. ఆమె సరేనంది. ఎల్లుండి దాకా అంటే చీటీ లేని ఒంటిగంటలు ఇంకా రెండు. అంతకు మించి ఆలోచించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

తాళాలు తాతకిచ్చి కొండ దిగింది.

లాండ్రీ వెనక గోడ నీడలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. తడి తువ్వాళ్ళు విప్పి పక్కన పెట్టారు. కాళ్ళు చాపుకుని, ఎవరి ఒళ్ళు వారికి కొత్తయినట్టు చేతుల మీది నూలుపొట్టు ఏరుకుంటున్నారు. గాలికి ఆ పొట్టు లేచి సముద్రం వైపు పోతోంది. పడవ మూడింటికి. నర్సమ్మ కాయితాలు రాసుకుంటూ, రోలరు ఆగింది గనక ఈసారి అక్క కూడా కాదనలేదని చెప్పింది. ఎంత మిగిలిందో అక్కడ పరీక్ష చేస్తే గాని తెలియదంది.

అక్క గోడకు తల ఆనించుకుని కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు పగిలి, ముఖం సున్నం కొట్టినట్టుంది. చెల్లెలు పక్కన కూర్చుని చెయ్యి అందుకుంది. చిటికెన వేలు చాచింది. ఉంగరపు వేలు చాచింది.

"మధ్యాహ్నం పూట ఇంత గాలుంటుందా ఇక్కడ?" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

"ఉంటుంది."

"రోజూనా?"

"రోజూ."

పుట్టినప్పటి నుంచీ ఆ దీవిలోనే ఉన్న మనిషి, పైట చెంగు ఎగిరి ముఖం మీద పడితే తీసుకోకుండా అలాగే ఉండిపోయింది. గుడ్డ ఊపిరితో పాటు లేస్తూ పడుతూ ఉంది.

"ఎంతుంటుందే ఇప్పుడు?" అని అడిగింది చివరికి.

చెల్లెలు మూడో వేలు పట్టుకుంది. అది ఇంకా బిగుసుకునే ఉంది.

"తెలీదక్కా," అంది. "ఇవాళ చూడలేదు."